పోయింది ప్రాధాన్యం కాదు, కాపలా

జాతీయ ప్రాధాన్యం కోల్పోయాయంటూ 18 రక్షిత కట్టడాలను జాబితా నుంచి కొట్టేయాలని కేంద్ర పురావస్తు శాఖ 2024 మార్చిలో నిర్ణయించింది. వాటిలో తెలంగాణవి లేవు కదా, మనకెందుకని ఊరుకోవడానికి వీల్లేదు. ఉండ్రుగొండ కోట నీడన బతుకుతున్న సూర్యాపేట అసలే ఊరుకోకూడదు.

ప్రాధాన్యం కోల్పోయాయన్న మాటే పచ్చి అబద్ధం. 50 కట్టడాల ఆచూకీ లేదని 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘానికి చెప్పింది కేంద్ర సాంస్కృతిక శాఖే. 14 కట్టడాలను పట్టణాలు మింగాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో తెలియదు. ఈ లెక్కలో ప్రాధాన్యం తగ్గినది ఒక్కటైనా ఉందా? జాడ తెలియని ఆ 24లోంచి తీసినవే ఈ 18. అందులో ఒకటి ఢిల్లీలోని బారాఖంబా శ్మశానవాటిక. తన ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లోనే శాఖ దాన్ని పోగొట్టుకుంది! పోయిందని ఒప్పుకుంటే ఎవరి హయాంలో పోయింది, ఆ జాగా ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అని జనం నిలదీస్తారు. ప్రాధాన్యమే పోయిందంటే అడిగే నోరుండదు. కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 నాటి చట్టంలోని 35వ సెక్షన్‌ను ఇలా తప్పు కప్పిపుచ్చుకోవడానికి వాడుకోవడం సిగ్గుచేటు. పేరు కొట్టేయగానే చుట్టూ 100 మీటర్ల నిర్మాణ నిషేధమూ పోతుంది. ఆక్రమించినవాడికి సర్కారే పట్టా రాసిచ్చినట్టు!

సిబ్బంది చాలరన్నది నిజమే. 2022 నాటి లెక్క ప్రకారం 3,693 కేంద్ర రక్షిత కట్టడాల్లో కాపలా ఉన్నవి 248 మాత్రమే. అయితే కాపలా పెట్టనిది ఎవరు?

మన దగ్గరా ఇదే తీరు. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉంది ఉండ్రుగొండ. రాయి మీద రాయి పేర్చిన కోటగోడల సందుల్లోకి చెట్ల వేళ్లు దిగి రాళ్లు జారిపోతున్నాయి. నరసింహస్వామి దర్శనానికి గుట్టెక్కే భక్తులకు అది కోట అని చెప్పే నాథుడు లేడు. చేరువలోని పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి లక్షల జనం వస్తారు. వారిలో ఎందరికి ఈ కోట సంగతి తెలుసు? అటు నల్లగొండ జిల్లాలో పద్మనాయకులు ఏడు గుట్టలను కలిపి కట్టిన దేవరకొండ కోటనూ ముళ్లకంపలే ఏలుతున్నాయి. హద్దులు తేల్చకుండా వదిలేస్తే రేపు వీటికీ ప్రాధాన్యం పోయిందనే అంటారు.

కేంద్రం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలి. సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లు సర్వే నంబర్ల వారీగా రెండు కోటల హద్దులు కొలిపించి రాళ్లు పాతించాలి, కాపలా పెట్టించాలి. గుట్టెక్కే పాఠకులకు ఒక మనవి: కొత్తగా తవ్విన గుంత గానీ, కొత్తగా వేసిన కంచె గానీ కంటపడితే ఫొటో తీయండి. తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి.