అబాకస్ కన్నా ముందు పుల్లల కట్ట

దిల్‌సుఖ్‌నగర్ పేరు చెబితే గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు గుర్తొస్తాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చి బస్సు దిగి, కోచింగ్ బోర్డులు చదువుకుంటూ హాస్టల్ వెతుక్కునే యువకుల పేట అది. ఇప్పుడు ఆ భవనాల మెట్లు ఆరేళ్ల పిల్లలూ ఎక్కుతున్నారు. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా అబాకస్, వేదిక్ మ్యాథ్స్, ఫోనిక్స్, హ్యాండ్‌రైటింగ్ క్లాసుల ఫ్లెక్సీలే. వేసవి సెలవులొస్తే ఇంకా పెరుగుతాయి. 

ఈ క్లాసులకు డబ్బు కట్టే తల్లిని వెక్కిరించడం తేలిక. కానీ ఆమె అనుమానంలో తప్పు లేదు. వేలకు వేలు ఫీజు తీసుకున్న బడి తన బిడ్డకు లెక్కా, రాతా సరిగ్గా నేర్పడం లేదన్నది ఆమెకు నోట్‌బుక్ తెరిస్తే కనిపిస్తూనే ఉంది. చిక్కల్లా, ఆమె కొంటున్నది ఆ లోటును పూడ్చే సరుకు కాకపోవడం. బజారులో కంటికి కనిపించేదే అమ్ముడుపోతుంది. లెక్కలో వేగం కనిపిస్తుంది, రాతలో అందం కనిపిస్తుంది. సంఖ్య అర్థమైందా, సొంత మాట కాగితం మీదికి వచ్చిందా అన్నవి ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి పనికిరావు.

రెండో తరగతి నోట్‌బుక్కుల్లో తరచూ కనిపించే ఒక తప్పు చూడండి. 52లోంచి 17 తీసేయమంటే పిల్లవాడు 45 అని రాస్తాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసి ఐదు వేశాడు, ఐదులోంచి ఒకటి తీసి నాలుగు వేశాడు. ఇది అజాగ్రత్త కాదు. వాడి దృష్టిలో 52 అంటే ఐదు పదులూ రెండు ఒకట్లూ కాదు, పక్కపక్కన నిలబడ్డ ఒక ఐదు, ఒక రెండు. టీచరు ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోమని మళ్లీ చెబుతుంది. వాడు అప్పు తెచ్చుకోవడం నేర్చేసుకుంటాడు, తెచ్చింది ఒకటో పదో తెలియకుండానే.

అదే ఐస్‌క్రీం పుల్లల్ని పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి పదిహేడు ఇవ్వమనండి. ఒక కట్ట ఇచ్చాక ఏడు పుల్లలకు రెండే ఉన్నాయి. ఇంకో కట్ట విప్పక తప్పదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. విప్పితే పన్నెండు, ఏడు పోతే ఐదు, మిగిలిన కట్టలు మూడు. ఇది ఒక పీరియడ్‌లో తేలే పని కాదు. కొందరికి వారం, కొందరికి నెల పట్టొచ్చు. సిలబస్ అంతకాలం ఆగదు. పేరున్న కార్పొరేట్ బడిలోనూ, సందులోని రెండంతస్తుల స్కూల్లోనూ పేజీ తిరగాల్సిందే. పైగా ఈ పాఠమంతా ఇంగ్లిష్‌లో. ఇంట్లో పదమూడు, పదహారు, పదిహేడు అనే పిల్లకు పది ముందే చెవిన పడుతుంది. బడికొచ్చాక థర్టీన్‌కూ థర్టీకీ తేడా పట్టుకోవడంతోనే సరిపోతుంది.

మరి అబాకస్ ఏం చేస్తుంది? దీనికి మన దేశంలోనే జవాబుంది. గుజరాత్‌లోని వడోదరలో డేవిడ్ బార్నర్, మైకేల్ ఫ్రాంక్ తదితర పరిశోధకులు ఒక బడి పిల్లల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, మూడేళ్లపాటు ఒక గుంపుకు మానసిక అబాకస్ (పూసల చట్రాన్ని మనసులో ఊహించుకుని లెక్క చేయడం) నేర్పించారు. 2016లో ఫలితాలు ప్రచురించారు. అబాకస్ నేర్చినవాళ్లకు కూడికలు, తీసివేతలు మెరుగయ్యాయి. కాదనడానికి లేదు. కానీ ఫ్లెక్సీల మీద రాసే ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, తెలివితేటలు పెరిగినట్టు కనిపించలేదు. ఆ కూడికల లాభం కూడా, బొమ్మను మనసులో నిలుపుకొనే శక్తి మొదటినుంచీ బాగా ఉన్న పిల్లలకే ఎక్కువగా దక్కింది. అంటే వెనకబడ్డ పిల్లను ముందుకు తేవడానికని చేర్చే తల్లికి ఇది సరైన మార్గం కాదు.

వేగానికీ అవగాహనకూ మధ్య దూరం ఎంతో 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం మరోలా చూపించింది. నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించింది. కిలోల్లో, రూపాయల్లో చిక్కు లెక్కలు నోటితో చేసి చిల్లర సరిగ్గా ఇచ్చినవాళ్లు, అదే లెక్క కాగితం మీద పెడితే తడబడ్డారు. బడి పిల్లలు కాగితం మీద కొంత నయం, బేరం దగ్గర చేతులెత్తేశారు. సరూర్‌నగర్ రైతుబజారుకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు సంచి మోయించడంతో ఆపకుండా, ముప్పావు కిలో టమాటాకు ఎంతివ్వాలో, యాభై నోటు ఇస్తే ఎంత తిరిగి రావాలో వాళ్లనే తేల్చమనొచ్చు. ఫీజు లేదు.

రాత సంగతి ఇంకా కొంచెం లోతైనది. చుక్కలు కలుపుతూ అక్షరాల మీద అక్షరాలు రాయించే వర్క్‌బుక్కులు ఎల్‌కేజీ నుంచే బ్యాగులో ఉంటాయి. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కేరిన్ జేమ్స్ 2012లో, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగంలో ఒక తేడా బయటపడింది. ఆధారం లేకుండా తమంతట తామే రాసిన అక్షరాన్ని తర్వాత చూసినప్పుడు, చదువుకు పనికొచ్చే మెదడు భాగాలు చురుగ్గా స్పందించాయి. టైపు చేసినప్పుడు గానీ, గీతల మీద దిద్దినప్పుడు గానీ ఆ స్పందన రాలేదు. దిద్దించడం మొదటి మెట్టు మాత్రమే. పలక చెరిపేసి చూడకుండా రాయించడం దగ్గర అసలు చదువు మొదలవుతుంది.

తెలుగుకు అదనపు కష్టం ఉంది. గుణింతాలూ వత్తులూ కలిస్తే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడం మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా పడుతుందని చూపింది. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది కానీ, ఒకటో తరగతిలోనే వత్తులన్నీ ముగించేసి మార్కులు వేసే తొందర తగ్గలేదు. రెండో తరగతి పిల్ల ‘అమమ్మ వచింది, పులిహోర చెసింది’ అని రాస్తే మూడు తప్పులకూ సున్నా చుట్టేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో ఆ పిల్ల పాసయింది. బోర్డు మీది జవాబు ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకున్న పిల్ల ఇంకా రాయడం మొదలే పెట్టలేదు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. 2021 జులైలో కేంద్రం చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి నిపుణ్ భారత్ ప్రకటించింది. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తొలిమెట్టు మొదలైంది. పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో చూసి అక్కడి నుంచి చెప్పాలన్నది దాని ఉద్దేశం. అవసరం ఎంతుందో 2024 అసర్ సర్వే చెప్పింది: దేశంలోని గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతమే. కానీ ఎల్బీనగర్ వంటి చోట ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలు తొలిమెట్టు పరిధిలో లేరు, అసర్ నగరాలకు రాదు. ప్రైవేటు బడి కాబట్టి బాగానే ఉంటుందన్నది నమ్మకమే తప్ప రుజువు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు పరిశీలిస్తే, లాటరీలో ఎంపికై ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లల కన్నా మెరుగ్గా తేలలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. అది పల్లెల కథ, నగరానికి యథాతథంగా వర్తించకపోవచ్చు. ఇక్కడ కొలిచి చూస్తేనే కదా తెలిసేది!

2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దంది. యాభై మందికి మించిన కేంద్రాలకే అది వర్తిస్తుంది కాబట్టి, అపార్ట్‌మెంట్‌లో పదిహేనుమందితో నడిచే అబాకస్ క్లాసు ఆ లెక్కలోకే రాదు. రావాలని నేనూ అనను. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి దాకా హోంవర్కే వద్దంటే డైరీలు ఎలా నిండుతున్నాయో చూస్తున్నాం. జీవోతో మూతపడే బజారు కాదిది.

విద్యాశాఖ చేయగలిగిన పని ఒకటుంది. తొలిమెట్టులో ప్రభుత్వ బడి పిల్లల స్థాయిని చూసే ఆ చిన్న పరీక్షనే గుర్తింపున్న ప్రతి ప్రైవేటు బడిలోనూ మూడో తరగతి దాకా పెట్టి, ఫలితం తల్లిదండ్రుల చేతికివ్వాలి. అంతవరకూ ఆగకుండా, వచ్చే జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లేవాళ్లు రెండు అడగండి: రెండో తరగతి పిల్లలు సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు చూపించమనండి, తీసివేత ఏ వస్తువులతో చెబుతారో చూపించమనండి. చూపించలేకపోతే ఇంకో బడికి వెళ్లి అడగండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా బడులకు కొదవ లేదు.