పాత రేవు వీధుల్లో రాత్రి బస

చెన్నైకి తెలుగువాళ్లు రాని రోజంటూ లేదు. కంటి ఆపరేషన్‌కి శంకర నేత్రాలయకి, పెళ్లి చీరలకి టి.నగర్‌కి వస్తూనే ఉంటారు. బస మాత్రం ఎగ్మూరు స్టేషను ఎదుటో, గ్రీమ్స్ రోడ్డు సందుల్లోనో. పాత రేవు పక్కనున్న జార్జిటౌన్‌లో ఒక రాత్రి ఉందామని ఎవరికీ తోచదు. తోచినా, సరుకు కొనుగోలుకొచ్చే వ్యాపారుల లాడ్జీలు తప్ప అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. ఊరు పుట్టి పెరిగిన చోటే ఊరికొచ్చిన అతిథికి చోటు లేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. ఆ వీధుల్లోని పాత ఇళ్లలో పదేసి గదుల చిన్న హోటళ్లు రావాలి. బొటీక్ హోటల్ అని పిలుచుకున్నా సరే. ఆ ఇళ్లు కూలకుండా నిలబడడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

ఇప్పటి రాజాజీ సాలైని పాతవాళ్లు ఫస్ట్ లైన్ బీచ్ అంటారు. ఒకప్పుడు అలలు నిజంగానే ఆ రోడ్డు పక్కకి వచ్చేవి. ఓడలు దూరంగా లంగరేసుకుంటే, మనుషుల్నీ మూటల్నీ మసూలా పడవల్లోకి దించి అలల మీదుగా ఒడ్డుకి చేర్చేవారు. కడుతున్న రేవుని 1881 తుఫాను ధ్వంసం చేసింది. మళ్లీ కట్టారు. తీరం వెంబడి ఉత్తరానికి కదిలే ఇసుకకి ఆ రేవు గోడలు అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా వెడల్పయింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కోతకి గురైంది. ఫస్ట్ లైన్ బీచ్‌కి పేరు మిగిలింది, సముద్రం పోర్టు ప్రహరీ అవతలికి వెళ్లిపోయింది. అయినా అక్కడి మేడల పైఅంతస్తు ఎక్కితే క్రేన్లు, ఓడలు కనిపిస్తాయి. 1884 నాటి జనరల్ పోస్టాఫీసు, ఎర్ర ఇటుకల స్టేట్ బ్యాంకు, 1940లో లేచిన డేర్ హౌస్ వరసగా నిలబడి ఉంటాయి. చూడడానికి ఆగేవాళ్లే తక్కువ.

తెలుగువాడికి ఇది పరాయి పేట కాదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌ని నిరసిస్తూ ప్రకాశం పంతులు తుపాకికి ఛాతీ చూపించింది ఈ పేటలోని ప్యారిస్ కార్నర్ దగ్గరే. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక నడిపింది తంబుచెట్టి వీధిలో. వావిళ్ల వారి పుస్తకాల మీద చిరునామా ఎస్ప్లనేడు. త్యాగయ్య మద్రాసు వచ్చినప్పుడు బందరు వీధిలో కోవూరు సుందరేశ మొదలియార్ ఇంట విడిది చేశాడు. ‘మద్రాసు మనదే’ అని ఉద్యమించిన రోజుల్లో, కూవం నదిని హద్దుగా పెట్టి ఉత్తర భాగమైనా ఇవ్వమన్న వాదన ఒకటుండేది. ఆ ఉత్తర భాగానికి గుండెకాయ ఈ వీధులే. అంత పట్టుగా అడిగిన ఊళ్లో ఇప్పుడు మధ్యాహ్నం హోల్‌సేల్ కొట్లు చూసుకుని సాయంత్రానికి రైలెక్కేస్తున్నాం.

ఒక ఇంటి లోపలికి వెళ్లి చూడాలి. కింద కాగితాల గోడౌన్, లారీ దిగిన రీములు గుమ్మం దాకా. పక్కన అరిగిన చెక్క మెట్లు. పైన మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో అతికి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నం వేసి దిమ్మిస కొట్టిన కప్పు అది. గోడలకి గవ్వలు కాల్చిన సున్నం. అందులో గుడ్డు తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి, నున్నటి రాయితో రుద్ది రుద్ది పాలరాయి మెరుపు తెప్పించేవారు. ఇప్పుడు ఎక్కడ పెచ్చు ఊడితే అక్కడ సిమెంటు మెత్తుతున్నారు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. దానిమీద సిమెంటు పడితే తేమ లోపలే చిక్కుకుని, ఇంకో రెండు వానలకి ఇంకో పెచ్చు రాలుతుంది. ఇది చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే పాడుచేస్తున్నామని ఎవరికీ తెలియడం లేదు.

చట్టం కాపాడుతుందా అంటే, కొంత. మౌంట్ రోడ్డులో భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చబోతే హైకోర్టు ఆపింది. 2010లో 467 కట్టడాల జాబితాకి రక్షణ కల్పించింది. అదే హైకోర్టుకి నడక దూరంలో, అనీ బిసెంట్ హోమ్‌రూల్ మాటలు విన్న ఆర్మీనియన్ వీధి గోఖలే హాలు కూల్చివేత సగం అయ్యాకే ఆగింది. వారసత్వ కమిషన్ చట్టం 2012లో వచ్చింది, అమల్లో పెట్టడానికి పదేళ్లు దాటింది. అయినా కూల్చొద్దన్న ఉత్తర్వు కారుతున్న కప్పుని బాగుచేయదు. పదిమంది వారసులున్న ఇంటికి గోడౌన్ అద్దె పన్నుకే సరిపోకపోతే దూలం మార్చేదెవరు? గదికి వచ్చే అద్దె మారుస్తుంది. పుదుచ్చేరిలో ఫ్రెంచి వీధుల పాత ఇళ్లు కొన్ని ఇలాగే బతికాయి.

మలేషియాలో, పెనాంగ్ దీవిలో ఇంకో జార్జిటౌన్ ఉంది. అక్కడ ఛ్యోంగ్ ఫట్ ట్జె కట్టుకున్న నీలిరంగు మేడ శిథిలమవుతుంటే 1990లలో బాగుచేసి హోటల్ చేశారు. 2000లో యునెస్కో అవార్డు వచ్చింది, 2008లో ఆ ఊరు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కానీ అదే 2000లో అక్కడ పాత అద్దెల నియంత్రణ ఎత్తేశారు. తరతరాలుగా ఉన్నవాళ్లు బయటికి నడిచారు. హోటళ్లు రావడం ఎంత అవసరమో, ఉన్నవాళ్లు కదలకుండా చూసుకోవడం అంత అవసరం. మన జార్జిటౌన్‌లో, మన్నడిలో ఇనుప సామాను కొట్టు కిందే ఉండాలి, పైఅంతస్తులోకే అతిథి రావాలి. బండి లాగే మనిషికి టీ దొరికే సందు అలాగే ఉండాలి.

విమానాశ్రయం నుంచి మెట్రో ఎక్కితే హైకోర్టు, మన్నడి స్టేషన్లలో దిగొచ్చు. అలాంటి చోట పది గదుల హోటల్‌కి కూడా కార్ల పార్కింగ్ చూపించమనడంలో అర్థం లేదు, ఆ నిబంధన సడలించాలి. అగ్ని ప్రమాదానికి రెండో మెట్లదారి మాత్రం పెట్టి తీరాలి, దాంట్లో రాజీ వద్దు. తిండికి లోటు లేదు. సాయంత్రమైతే బీచ్ స్టేషన్ దగ్గర బర్మా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల అత్తో బళ్లు వెలుగుతాయి. నూడుల్స్‌లో ఉల్లి, క్యాబేజీ, చింతపండు రసం, వేయించిన అప్పాల పొడి వేసి చేత్తోనే కలిపి ఇస్తారు, పక్కన అరటిదూట సూపు.

మొదటి అడుగు మన సంస్థలే వేయాలని నా కోరిక. సత్రాలు కట్టిన తెలుగు వైశ్య ధర్మసంస్థలకి ఈ పేటల్లో ఇప్పటికీ పేరుంది, పలుకుబడి ఉంది. తంబుచెట్టి వీధిలో ఒక్క ఇల్లు తీసుకోండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలని పిలిపించండి. గది అద్దె ఎగ్మూరు లాడ్జీకన్నా కొంచెమే ఎక్కువ పెట్టండి. కంటి పరీక్షకి వచ్చిన నెల్లూరు కుటుంబం కూడా అందులో దిగగలగాలి.