కోనసముందర్ కమ్మరికి సైన్స్ చరిత్రలో చోటేది?

సైన్స్ చరిత్ర మీద మన దగ్గర తరచూ వినిపించే వాదనలు రెండు. అంతా మన పూర్వీకులకు ముందే తెలుసనేది ఒకటి, అంతా యూరప్ నుంచే వచ్చిందనేది ఇంకొకటి. నిజామాబాద్ జిల్లాలో మెటలర్జీ పాఠాలు చెప్పి రిటైరైన నాకు రెండు వాదనలూ ఒకేలా కోపం తెప్పిస్తాయి. రెండింటిలోనూ చెమటోడ్చి పనిచేసినవాడు కనిపించడు.

కమ్మర్‌పల్లి దగ్గర కోనసముందర్ అనే ఊరుంది. పాత పుస్తకాల్లో కోనసముద్రం. యూరప్ వాళ్ళు వూట్జ్ అని పిలిచిన ఉక్కు, డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా చెప్పుకున్న ఆ కత్తుల ఉక్కు, తయారైన చోట్లలో ఇది ఒకటి. 1820ల నాటికి హైదరాబాద్ రాజ్యంలో తిరుగుతూ రాళ్ళూ నేలలూ పరిశీలిస్తున్న హెన్రీ వోయ్సీ అనే సర్జన్ ఇక్కడికి వచ్చి తాను చూసింది రాసిపెట్టాడు. ఆయన పోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. మీర్త్‌పల్లి ఇనుము మూడు పాళ్ళు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్ళు మూసలో పెట్టి, మట్టితో మూతి మూసి, ఒక రాత్రీ పగలూ తిత్తులు ఊది కరిగించేవారట. వచ్చిన ముద్దకు మట్టి పూసి, కావలసినంత మెత్తబడేదాకా మళ్ళీ మళ్ళీ గంటల తరబడి కాల్చేవారు.

అప్పటికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఆ ఊళ్ళోనే మకాం వేసి ఉన్నాడు. సరుకు కొనడానికి వచ్చినవాడు కొలిమి దగ్గరే నిలబడి, పాళ్ళు తూకం వేయించి, ముద్దలను తానే పరీక్షించుకునేవాడు. అంతకుముందు తీసుకెళ్ళిన సరుకు అమ్ముడైపోతే మళ్ళీ వచ్చాడు. ఈ పద్ధతిని తమ దేశంలో చేసి చూశారని, కుదరలేదని వోయ్సీకి చెప్పింది ఆయనే. కళ్ళారా చూసినా చేతికి రాని విద్య అది.

ఎంత లోతైన విద్యో తెలియాలంటే మూస ఒక్కటి చూస్తే చాలు. దాని మట్టిలో వరి ఊక దండిగా కలిపేవారు. కొలిమి వేడికి ఊక మాడి బొగ్గవుతుంది, అందులోని సిలికా గోడలోనే నిలిచిపోతుంది. మట్టిలో ముల్లైట్ అనే సన్నటి స్ఫటికాలు పుట్టి అల్లుకుంటాయి. దాంతో గోడ అంత వేడికీ నిలబడుతుంది, ఆ నల్లటి కార్బన్ లోపలి లోహాన్ని గాలి నుంచి కాపాడుతుంది. థెల్మా లోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు గత శతాబ్దం చివర్లో ఈ మూసల పెంకులను మైక్రోస్కోప్ కింద పరిశీలించి దీన్ని వివరించింది. క్లాసులో నల్లటి పెంకు ముక్క పిల్లల చేతికిస్తే, ఊక గింజల అచ్చులు వాళ్ళ కంటికే దొరికేవి. ఏ సూత్రం చెప్పినా రాని నిశ్శబ్దం అప్పుడు వచ్చేది.

స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. కట్టెబొగ్గుకూ తిత్తికీ ఆ వేడి అందడం కష్టం. కార్బన్ ఇంకేకొద్దీ ఇనుము కరిగే వేడి దిగుతుంది. ఒకటిన్నర శాతం దగ్గర ఆగితే మేలిరకం ఉక్కు, మరీ పెరిగితే పెళుసు పోత ఇనుము. ఆ హద్దును థర్మామీటర్ లేకుండా పట్టుకున్నారు.

ఆ ముద్దను కత్తిగా సాగదీయడం పశ్చిమాసియా కమ్మరుల ప్రతిభ. మరీ కాల్చకుండా, ఎర్రటి కాక మీదే ఓపికగా కొట్టాలి. యూరప్ కమ్మరులు తమ అలవాటు చొప్పున తెల్లగా కాల్చి సమ్మెట వేస్తే ముక్కలైపోయేది. తొమ్మిదో శతాబ్దంలోనే అల్-కిందీ అనే పండితుడు కత్తుల రకాల మీద అరబ్బీలో గ్రంథం రాశాడు. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు మీద పత్రం పెట్టాడు. 1819లో మైకేల్ ఫారడే దీన్ని విశ్లేషించి, గొప్పతనమంతా అల్యూమినియం వల్లేనేమో అనుకున్నాడు. ఆ ఊహ నిలవలేదు. అయినా ఆ పట్టుదలతోనే స్టోడార్ట్ అనే సహచరుడితో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు. మిశ్రమ ఉక్కుల పరిశోధనలో అవి తొలి అడుగులు. ఫారడే కూడా కమ్మరి కొడుకే.

ఈ కథలో అల్-కిందీ పేరుంది, వర్తకుడి పేరుంది, ఫారడే పేరుంది. మూస చేసిన కమ్మరి పేరు లేదు. చదువుకున్నవాడు రాసిందే సైన్స్, చేతులు చేసింది పనితనం అన్న విభజనే ఈ లోటుకు మూలం. మన సమాజంలో ఆ విభజనకు కులం కూడా తోడైంది. పాళ్ళు మార్చి చూడటం, ఫలితం పరీక్షించడం, తప్పితే సరిదిద్దడం, వచ్చిన పద్ధతిని తర్వాతి తరానికి అప్పగించడం ప్రయోగశాలలో జరిగితే దాన్ని పరిశోధన అంటాం. కొలిమి దగ్గర జరిగినదానికీ అదే మాట చెల్లాలి. అలాగని ఇదంతా మన ఒక్కరి ఘనతేనని చాటుకోవడమూ అన్యాయమే. ఇస్ఫహాన్ గిరాకీ, అవతలి కమ్మరి ఓపిక లేకుండా ఈ ఉక్కుకు ఆ పేరు రాదు.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత కొలిముల చిట్టెం దిబ్బలు ఇంకా ఉన్నాయి. 2010లో శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్, ఎస్. జైకిషన్ అనే పరిశోధకులు ఊరూరా తిరిగి చాలావాటిని నమోదు చేశారు. ఆ జాబితా గ్రామ పంచాయతీలకు చేరాలి. పొలం చదునుకు, రోడ్డుకు జేసీబీ దిగే ముందు ఎవరో ఒకరు అడ్డుచెప్పగలగాలి. జిల్లాలో మూసలకు, పెంకులకు ఒక గది కావాలి. పదో తరగతి పుస్తకంలో లోహాల పాఠం పక్కన మూస బొమ్మ ఉండాలి, కింద ఆ ఊరి పేరు ఉండాలి. కొలిమి పని ఎరిగిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి రికార్డరు పట్టుకుని వెళ్ళే పనికి మాత్రం ఏ జీవో కోసమూ ఆగక్కర్లేదు, మన కాలేజీ పిల్లలు చాలు.