ఒక్క పంక్తియే గదా!

గుంటూరు మిర్చి యార్డులో వరుసలు తీరిన టిక్కీల నడుమ నడచు అనుభవశాలియైన కొనుగోలుదారుడు పైకాయల నిగనిగను చూచి మోసపోడు; సంచి లోపలినుండి గుప్పెడు కాయలు తీయించి, తొడిమ విరిచి, చెవిదగ్గర గలగలలాడించి, తేమ యెంతయో తాలు యెంతయో తేల్చుకొనిన పిమ్మటనే ధర పలుకును. కంప్యూటరు వృత్తిలో ఇట్టి పరీక్షకే కోడ్ రివ్యూ అని పేరు; కాని, విచారకరమైన విషయమేమనగా, మాలో పెక్కుమంది ఎనిమిదివందల పంక్తుల మార్పును కన్నులు కాయలు కాయునట్లు చదివి, ఒక్క పంక్తి మార్పును టీ చల్లారకమునుపే ఆమోదింతుము.

ఒక్క అంకె విలువ పత్తిరైతు నడిగిన తెలియును. సీసీఐ పత్తి కొనుగోలు కేంద్రములో తేమ 8 శాతము దాటినచో ధర తగ్గును. 12 దాటినచో బండి తిరుగుముఖము పట్టవలసినదే.

మా కోడులోను ఒక్క అంకె అట్టిదే. ప్రోగ్రాము నెట్‌వర్కుతో సంభాషించు ద్వారమును సాకెట్ అందురు. 1983లో బర్కిలీ యూనిక్స్ 4.2తో లోకమునకు వచ్చిన ఈ ద్వారమునకు చిన్న చిన్న గడియలు, అనగా అమరికలు, పెక్కులు కలవు. అందొకటి కీప్‌అలైవ్: అవతలివాడు బ్రతికియున్నాడా యని అప్పుడప్పుడు పలుకరించుట. లినక్స్‌లో దానిని వేసి, వ్యవధిని మాత్రము మనము నిర్ణయింపక విడిచితిమా, మొదటి పలుకరింపునకే 7200 సెకన్లు ఆగి, పిదప 75 సెకన్ల కొకటి చొప్పున 9 మారులు పిలిచి, మొత్తము 2 గంటల 11 నిమిషముల 15 సెకన్లకుగాని అవతల ఎవరును లేరని ఒప్పుకొనదు. మొబైలు నెట్‌వర్కులో నిశ్శబ్దముగా నున్న బంధము కొన్ని నిమిషములకే మరపున పడవచ్చును. ఒక లైబ్రరీలో 30 సెకన్లని వ్రాసియున్న పంక్తిని "అనవసరము" అని తొలగించిన మార్పును ఆమోదించినవాడను నేనే. దాని ఫలితముగా చిలకలూరిపేట వైపు ఒక జిన్నింగ్ మిల్లులో లారీ కాటామీదనే నిలిచిపోయి, తెరమీద చక్రము తిరుగుచునే యుండగా, గుమాస్తా తూకమును సిగరెట్టు పెట్టెమీద వ్రాసికొనెనట. నేను నగరమున ఫైబరు తీగకు చేరి, పరీక్షలన్నియు పచ్చగా వెలిగినవని సంతసించుచుంటిని.

ఇంతకన్న గడుసు గడియలు వేరే కలవు. 1984లో జాన్ నేగల్ ప్రతిపాదించిన పద్ధతిలో చిన్న సమాచారపు పొట్లములు పాతదానికి రసీదు వచ్చువరకు ఆగును. రసీదునిచ్చు యంత్రమో, తానును కొంత జాప్యము చేయును. ఇద్దరును "మీరు ముందు, మీరు ముందు" అనుచు గుమ్మములో నిలుచు వియ్యంకులవలె కాలము పుచ్చుదురు. గో భాషా లైబ్రరీ ఈ నిరీక్షణను మొదటినుండియు రద్దుచేసియే ఇచ్చును. మరియొక గడియ రీయూజ్‌అడ్రస్: లినక్స్‌లో అది ఆగి తిరిగి లేచిన సర్వరు తన పాత చోటును వెంటనే పొందుటకు తోడ్పడును; విండోస్‌లోనో, వాడుకలో నున్న చోటును వేరొక ప్రోగ్రాము ఆక్రమించుటకే త్రోవ యిచ్చును. పేరొకటే, నడత వేరు. జవాబుకై సాకెట్ వేచియుండవలసిన అవధిని లినక్స్‌కు సెకన్లు, మైక్రోసెకన్ల జంటగా చెప్పవలెను. విండోస్‌కు మిల్లీసెకన్ల సంఖ్యగా. వీనిని ఎరుగనివాడు చదివి "బాగున్నది" అనినచో ఆ మాటకు విలువ యేమి?

కావున లైబ్రరీలో ఇట్టి గడియను కదలించు మార్పు ఒక్క పంక్తియైనను, దానిని వాడు ప్రోగ్రాములన్నిటిని తలచుకొనియే చదువవలెనని నా నిశ్చితాభిప్రాయము. గడియ వేయుమన్న ఆజ్ఞ విఫలమైనచో ప్రోగ్రాము గమనించునా? నెటెమ్ వంటి సాధనముతో కృత్రిమముగా జాప్యమును, పొట్లముల నష్టమును కల్పించి చూచిరా? ఇట్టి ప్రశ్నలకు మారుగా, ఆ మిల్లును తలచుకొని, నేను కొన్నాళ్లుగా ఒకే ప్రశ్న వ్రాయుచున్నాను: "అద్దంకి దారిలో సిగ్నల్ పోయినచో ఏమగును?" మొన్న నొక యువకుడు విసుగుతో "ఏమండీ, మళ్ళీ అద్దంకేనా?" అనెను. అనిన పిదప ఆ సాయంకాలము తీగ పీకి, రెండు గంటలు కనిపెట్టుకొని కూర్చుండి, తన మార్పును తానే వెనుకకు తీసికొనెను.