మెడకు చుట్టిన గుడ్డ

శ్రీనగరంలో ఒక వైద్యశాల. మానససరోవరం దగ్గర నుంచి తన తెగవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన యువకుడొకడు అక్కడ జ్వరంతో పడి ఉన్నాడు. భుజం కీలు తప్పింది, కాలి వేలు మంచుకు చచ్చుబడింది. వైద్యులిచ్చిన మందు తాగి పడుకున్నాడు. లేచేసరికి భుజం సర్దుకుంది, వేలికి ప్రాణం వచ్చింది, గొంతు మాత్రం నీలంగా మారింది. అది చూసిన వైద్యురాలు మోకరిల్లింది. అతనికేమీ అర్థం కాలేదు. తరువాత జనంలోకి వెళ్ళాల్సి వస్తే మెడకు గుడ్డ చుట్టుకుని వెళ్తాడు.

అమీష్ త్రిపాఠి ఇంగ్లీషులో రాసిన శివ త్రయం ఇలా మొదలవుతుంది. 2010లో ‘ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా’, 2011లో రెండోది, 2013లో మూడోది వచ్చాయి. క్రీ.పూ. 1900లో శివుడు దేవుడు కాదు, ఒక తెగ నాయకుడు అనుకుందాం అంటాడు రచయిత. సింధు నాగరికతను సుమేరియన్లు పిలిచిన పేరే మెలూహా. రాముడు ఆ రాజ్యానికి చట్టాలు రాసిపెట్టి వెళ్ళిన పాత చక్రవర్తి. మొదటిసారి నేనూ అందరిలాగే కథ కోసం చదివాను. రెండోసారి చదివినప్పుడు ఆ చట్టాల దగ్గర ఆగిపోయాను.

వాటిలో ఒకటి మైకా. హిందీలో మైకా అంటే పుట్టిల్లు. మెలూహాలో గర్భిణులంతా ఆ పేరున్న ఊరికి వెళ్ళి కని, బిడ్డను అక్కడే వదిలి రావాలి. పిల్లలందరూ ఒకేచోట పెరుగుతారు, ఒకే చదువు చదువుతారు, పదిహేనేళ్ళకు పరీక్ష రాస్తారు. దాన్నిబట్టి వర్ణం నిర్ణయిస్తారు. ఆ వర్ణంలోని దంపతులు దత్తత తీసుకుంటారు. పుట్టుకతో ఎవరికీ ఏదీ రాకూడదన్నది రాముడి ఉద్దేశం. చదువుతూ ఎంత బాగుందో అనుకుంటాం. రెండో పుస్తకానికి వచ్చేసరికి అదే రాజ్యంలో అవకరంతో పుట్టిన బిడ్డకు నాగ అని పేరు పెట్టి దేశం దాటించడం చూస్తాం. శివుడి భార్య సతికి మొదటి కాన్పులో బిడ్డ చనిపోయి పుట్టాడని చెప్పారు. ఆ బిడ్డ బతికే ఉన్నాడు. ఏనుగు ముఖంతో ఎక్కడో పెరిగి, తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు. వినాయకుడి కథ చిన్నప్పటి నుంచి విన్నదే అయినా, ఆ తల్లీబిడ్డలు ఎదురుపడ్డ చోట నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇక మొదట్లో తాగించిన మందు. అది సోమరసం, మెలూహావాళ్ళ ఆయుష్షు దాని చలవే. దాని తయారీకి సరస్వతి నీళ్ళు విపరీతంగా కావాలి. మిగిలిన మురికి మరో నదిలో కలిసి దిగువన బ్రంగ దేశంలో జనాన్ని రోగంతో చంపుతోంది. బిడ్డలు అవకరంతో పుట్టడానికీ అదే కారణం. మూడో పుస్తకంలో శివుడు అంతం చేయాలని వెతుకుతున్న చెడు ఆ మందే అని తేలుతుంది. గొంతు నీలమైంది విషంతో కాదు, మందుతో అని మొదట్లో పురాణాన్ని పక్కకు తిప్పిన రచయిత, మూడు పుస్తకాలు నడిపించి, ఆ మందే హాలాహలమని మళ్ళీ పురాణం దగ్గరికే తెచ్చాడు. ఈ మలుపు ఒక్క కథలో ఇమడదు. మందు మేలును పాఠకుడు ముందు మనసారా నమ్మాలి, దానికి అన్ని పేజీలు పట్టాల్సిందే.

లోపాలు లేవనను. ఈ పుస్తకాల్లో సైనికులు నేటి ముంబై కుర్రాళ్ళలా మాట్లాడతారు. మూడో పుస్తకంలో యుద్ధాలు సాగుతూనే ఉంటాయి. మన ప్రబంధాల రుచి తెలిసినవాళ్ళకు ఆ వచనం పలచగా అనిపిస్తుంది. అయినా ఒక నియమాన్ని పట్టుకుని, అది ఎవరి ఇంట్లో ఏం చేస్తుందో చివరిదాకా చూసిన ఓపిక ఉందే, అది మనం నేర్చుకోదగ్గది.

పురాణాన్ని మార్చి చెప్పడం మనకు కొత్త కాదు. వాల్మీకిలో లేని రామకథలకు అవాల్మీకాలు అనే మాటే మనకుంది. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు, 1957 నాటి ‘మాయాబజార్’ చూసిన తెలుగువాళ్ళలో ఆమె లేదన్నవాళ్ళు ఎవరు? నవలల వరసా మనకుంది. విశ్వనాథ సత్యనారాయణ పురాణవైర గ్రంథమాలలో 12 నవలలు రాశారు. కానీ ఆయన పాశ్చాత్యుల చరిత్ర తప్పని రుజువు చేయడానికి కూర్చున్నారు. ఆయన రామాయణ కల్పవృక్షం ఒకవైపు, రంగనాయకమ్మ విషవృక్షం ఇంకోవైపు. రెండూ వాదించడానికి పుట్టినవే, ఆ వాదాల బలం నాకు తెలుసు. ఓల్గా ‘విముక్త’ వాదనను దాటి సీతను, శూర్పణఖను ఎదురెదురుగా కూర్చోబెట్టింది, అయితే అవి చిన్న కథలు. ‘అనుకుందాం’ అని మొదలుపెట్టి వెయ్యి పేజీలు ఆ ఊహతో కాపురం చేసిన తెలుగు నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

సరుకు మన ఇళ్ళలోనే ఉంది. ఆడవాళ్ళు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్రనే తీసుకోండి. పద్నాలుగేళ్ళు ఒక కోడలు నిద్రలో ఉంటే ఆ ఇంట్లో ఎవరేమనుకున్నారు? వైద్యులు ఏం చెప్పారు? నిద్రపోయే హక్కు ఆమెకు ఏ ధర్మం ఇచ్చింది, అదే హక్కు దాసీలు అడిగితే ఏమయ్యేది? చివరికి లక్ష్మణుడు తిరిగొచ్చి మంచం పక్కన నిలబడితే, ఎవరో పరాయి మగవాడు గదిలోకి వచ్చాడని ఆమె బెదిరిపోతుంది. నవల అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు.