పక్క పార్టిషన్‌లో రాయొద్దు

మన హాస్టళ్లలో ఒక్క కంప్యూటర్‌నే పదిమందిమి వాడుకుంటాం. అందులో విండోస్, లినక్స్ రెండూ ఉంటే, లినక్స్ నుంచి విండోస్ పార్టిషన్‌లో ఏమీ రాయకూడదని మా అభిప్రాయం. చదవడం వేరు, రాయడం వేరు.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. డిస్క్ లెక్కలు గుర్తుపెట్టుకుని నిద్రపోతుంది. ఆలోగా మనం రాస్తే, లేచాక పాత లెక్కనే నమ్ముతుంది. ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అలాంటి పార్టిషన్‌ను చదవడానికే తెరుస్తుంది. మనం బలవంతం చేయొద్దు.

ఫాస్ట్ స్టార్టప్ ఆపేద్దాం. ప్రాజెక్టు రిపోర్టు ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుందాం. ఇంట్లో వేరే కంప్యూటర్ లేని మనకు, ఆ ఫైలు పోతే సెమిస్టర్ కష్టమంతా పోయినట్టే.