నిందితురాలైన తల్లికి వకీలెవరు?

2020 డిసెంబరు చివర్లో కేరళలోని తిరువనంతపురం జిల్లా కడక్కావూర్‌లో పోలీసులు ఒక తల్లిని అరెస్టు చేశారు. కన్నకొడుకుపైనే ఆమె లైంగిక అత్యాచారం జరిపిందన్నది అభియోగం. ఆమె భర్తతో విభేదాలు వచ్చి విడిగా ఉంటున్న స్త్రీ. కొడుకు తండ్రి దగ్గర గల్ఫ్‌లో ఉన్నప్పుడు ఈ విషయం బయటపెట్టాడన్నారు. ఎఫ్.ఐ.ఆర్.లో ఫిర్యాదుదారుగా బాలల సంక్షేమ కమిటీ అధ్యక్షురాలి పేరు రాశారు. తాను కౌన్సెలింగ్ నివేదిక పంపానే తప్ప ఫిర్యాదు ఇవ్వలేదని ఆవిడే అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. దాదాపు నాలుగు వారాల జైలు తర్వాత, 2021 జనవరిలో హైకోర్టు తల్లికి బెయిలిచ్చి, మహిళా ఐ.పి.ఎస్. అధికారి చేత దర్యాప్తు చేయించమంది. ఆరోపణకు ఆధారం లేదని ప్రత్యేక దర్యాప్తు బృందం తేల్చింది. ఆ ఏడాది డిసెంబరులో పోక్సో కోర్టు ఆ నివేదికను అంగీకరించి కేసు ముగించింది.

ఆ నాలుగు వారాల్లో మనలో చాలామందికి ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంట్లో పిల్లలపై జరిగే హింసను బయటికి తీయాలనీ, పిల్లల మాట నమ్మాలనీ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవాళ్లం. నిందితుల తరఫు వకీళ్లు కోర్టుల్లో పసిపిల్లల్ని ఎలా చీల్చి చెండాడతారో కళ్లారా చూసినవాళ్లం. కాబట్టి 'డిఫెన్స్' అన్న మాట వింటేనే మనకు ఒళ్లు మండుతుంది. అందుకు కారణాలు లేకపోలేదు. కానీ బోనులో నిలబడింది ఒక స్త్రీ అయినప్పుడు, ఆమెకు వకీలును పెట్టుకునే స్తోమత లేనప్పుడు, మన సంఘాలు ఏం చేయాలి? ఈ ప్రశ్నను వాయిదా వేస్తూ వచ్చాం. ఇక వేయలేం.

కడక్కావూర్ బెయిలు ఉత్తర్వులో ఒక సంగతిని గమనించాలి. ఈ కేసులో మాతృత్వపు పవిత్రతను పూర్తిగా విస్మరించారని హైకోర్టు బాధపడింది. తల్లి ప్రేమకు సాటి లేదన్నది. ఆ స్త్రీ బయటికి వచ్చినందుకు సంతోషమే. కానీ ఈ తర్కం మనకు అక్కరకు వచ్చేది కాదు. తల్లి దేవత గనుక తప్పు చేయదని ఈరోజు బెయిలిచ్చే వ్యవస్థే, రేపు మరొకామె దేవతలా కనిపించకపోతే, అంటే రాత్రి డ్యూటీలకు వెళ్లేదైతే, మొగుణ్ణి వదిలేసిందైతే, కల్లు తాగేదైతే, రాక్షసి అని తేల్చడానికి వెనుదీయదు. తల్లులు పిల్లల్ని కొట్టరా? కొడతారు. వాతలు పెట్టినవాళ్లున్నారు, ఆకలికి మాడ్చినవాళ్లున్నారు. ఆ మాట ఒప్పుకోవడానికి స్త్రీవాదులు సిగ్గుపడనక్కరలేదు. నిందితురాలికి న్యాయసహాయం కావాలని అడగడానికి ఆమె మంచి తల్లి అయి ఉండాలన్న షరతు అక్కరలేదు. ఆమె పౌరురాలు. ఆమె కోసం రాజ్యాంగంలో 22వ అధికరణం ఉంది.

కేరళలోనే ఇంతకంటే చిక్కైన కేసు మరొకటి ఉంది. 2017 జనవరిలో పాలక్కాడ్ జిల్లా వాళయార్‌లో ఒక దళిత బాలిక, రెండు నెలలు తిరక్కుండానే ఆమె చెల్లెలు, ఉరికి వేలాడుతూ కనిపించారు. వాళ్లపై లైంగిక అత్యాచారాలు జరిగాయి. 2019లో కింది కోర్టు నిందితుల్ని వదిలేసింది. తల్లి వీధికెక్కింది. న్యాయం కోసం 2021లో గుండు గీయించుకుంది. ఆ ఏడాది ఎన్నికల్లో ధర్మడంలో ముఖ్యమంత్రి మీదే పోటీకి నిలబడింది. హైకోర్టు పాత తీర్పును రద్దు చేశాక కేసు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. 2025 జనవరిలో అదే సి.బి.ఐ. ఛార్జిషీటులో తల్లినీ తండ్రినీ కూడా నిందితులుగా చేర్చింది. అత్యాచారానికి తోడ్పడ్డారన్నది అభియోగం. ఏప్రిల్‌లో హైకోర్టు వాళ్లపై బలవంతపు చర్యలు తీసుకోవద్దని ఆదేశించింది.

ఆ తల్లిదండ్రులకు ఏం తెలుసో, ఏం తెలియదో ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పే పని మేం పెట్టుకోం. ఆ పని కోర్టుది. అయితే ఈ ఛార్జిషీటు సంగతి విన్న ఏ కూలి తల్లి అయినా ఏమనుకుంటుంది? 'ఇంట్లో ఇలా జరిగింది, మీరు ఆలస్యంగా చెప్పారేం' అని అడిగితే తాను కూడా ముద్దాయినవుతాననుకుంటుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. ఈ నిబంధన బడినీ, ఆసుపత్రినీ నోరు మూసుకోనివ్వకుండా చేయడానికి అవసరమే. కానీ మొగుడు తన్నే ఇంట్లో, తిండి గింజలు కూడా అతని చేతిలో ఉన్న ఇంట్లో, భార్య ఆరునెలలు నోరు మెదపలేదంటే అది నేరానికి తోడ్పడటమా, తానూ హింసలో ఉండటమా? ఈ తేడా కోర్టు ముందు పెట్టగలిగేది వకీలే. పోలీసు రాసే వాంగ్మూలంలో అది కనిపించదు.

డిఫెన్స్ పేరుతో దేన్నైనా సమర్థించుకోవచ్చని మా ఉద్దేశం కాదు. 2012లో ఓస్లోలో ఒక తెలుగు దంపతులకు కొడుకును హింసించిన కేసులో జైలు శిక్ష పడింది, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. అప్పుడు మన పేపర్లలో, టీవీల్లో వినిపించిన వాదన ఏమిటి? 'మన సంస్కృతి వాళ్లకు అర్థం కాదు, మన పిల్లల్ని మనం దండించుకోకూడదా?' అని. ఇంటి పెద్ద చేతికి కర్ర ఇచ్చే ఈ సంస్కృతి మొదట ఎవరి వీపు మీద విమానం మోత మోగించిందో మనకు తెలుసు. భార్యను కొట్టడాన్ని సమర్థించని నోటితో పిల్లల్ని కొట్టడాన్ని ఎలా సమర్థిస్తాం? మన దేశంలోనూ పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి సద్బుద్ధితో చేసిన పనికి తల్లిదండ్రుల్ని కాపాడే సెక్షన్ ఒకటుంది. పాత ఐ.పి.సి.లో 89, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 27. బడిలో బెత్తాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో బెత్తం మాత్రం ఈ సెక్షన్ చాటున దాక్కుంటోంది. ఇలాంటి రక్షణ మనకు వద్దు.

మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. పసిబిడ్డను ఆసుపత్రి వరండాలోనో, గుడి మెట్ల మీదో వదిలిపోయిన తల్లిని తీసుకుందాం. పెళ్లికాని పిల్ల కావచ్చు, మూడో ఆడబిడ్డను కన్న ఇల్లాలు కావచ్చు. ఆమె మీద పెట్టే కేసుకు రెండు చట్టాలున్నాయి. న్యాయ సంహిత 93వ సెక్షన్ (పాత 317) కింద ఏడేళ్ల దాకా శిక్ష. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కిందైతే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. కానీ ఈ రెండో సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. కన్న తల్లిదండ్రులు తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలేశారని తేలితే, అది బుద్ధిపూర్వకంగా చేసింది కాదని భావించాలి, శిక్ష వర్తించదు. 35వ సెక్షన్ ప్రకారం బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు కూడా ఉంది. ఇంత ముఖ్యమైన మాట ఎంతమంది ఆడవాళ్లకు తెలుసు? ఏ సెక్షన్ రాయాలో నిర్ణయించేది స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. రాసే చెయ్యి. పక్కన వకీలు లేకపోతే ఆ చెయ్యి ఎటు వెళుతుందో చెప్పనక్కరలేదు. బిడ్డ తండ్రి ఎవరని మాత్రం అది చాలాసార్లు అడగదు.

అదే 75వ సెక్షన్‌లో 'బుద్ధిపూర్వక నిర్లక్ష్యం' అన్న మాట ఉంది. పిల్లను గదిలో పెట్టి తాళం వేసి ఇటుకబట్టీకి వెళ్లిన తల్లికి అది అంటుకుంటుంది. 50 మందీ ఆపైన పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. నలుగురిళ్లలో అంట్లు తోమే మనిషికి ఏ కేంద్రం ఉంది? తాళం ఎందుకు వేసిందో చెప్పడమే ఆ కేసులో అసలు డిఫెన్స్. అది చెప్పడానికి చట్టంతో పాటు ఆమె దినచర్య తెలిసిన వకీలు కావాలి.

పోక్సో 29వ సెక్షన్ మరింత బరువైనది. తీవ్రమైన నేరాల్లో నిందితుడే నేరం చేశాడని కోర్టు భావించాలి, కాదని నిరూపించుకునే భారం నిందితుడిది. 2019 సవరణ తర్వాత బంధువులు చేసిన తీవ్రమైన అత్యాచారానికి కనీస శిక్ష ఇరవై ఏళ్లు. పిల్లలకు సాక్ష్యం దొరకని నేరమిదని మనమే ఇలాంటి నిబంధనల్ని కోరుకున్నాం, ఇప్పుడూ వద్దనడం లేదు. అయితే భారం నిందితుల మీద వేసిన చట్టం, ఆ భారం మోయడానికి వకీలును కూడా చూపించాలి కదా. ఆ వకీలు పిల్లను వేధిస్తాడన్న భయానికి చట్టంలోనే కొంత జవాబుంది. 33వ సెక్షన్ ప్రకారం అతను పిల్లను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్నలు జడ్జికివ్వాలి, జడ్జే అడగాలి. దీన్ని అమలు చేయించడమే మన పోరాటం కావాలి.

క్రిమినల్ కేసుకు వకీలు దొరికినా, తల్లి ఒంటరిగా మిగిలిపోయే చోటు మరొకటుంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నది కోర్టు కంటే ముందే బాలల సంక్షేమ కమిటీ నిర్ణయిస్తుంది. పదిహేను రోజుల్లో సామాజిక పరిశీలన పూర్తి చేసి, నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతోంది. జైల్లో ఉన్న తల్లి మాట ఆ పరిశీలనలో ఎవరు వినిపిస్తారు? ఆ ఉత్తర్వుపై ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని ఆమెకు ఎవరు చెబుతారు? ఏళ్ల తర్వాత కేసు కొట్టేసినా, అప్పటికి బిడ్డ అమ్మ ముఖమే మరిచిపోయి ఉంటుంది.

న్యాయసేవల అధికార సంస్థల చట్టం (1987) 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలందరికీ, పిల్లలందరికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. 15100 నెంబరుకు ఫోన్ చేయవచ్చు. అరెస్టుకు ముందు, అరెస్టు సమయంలో, రిమాండులో కూడా వకీలు అందాలని జాతీయ సంస్థ 2019లోనే విధివిధానాలు రూపొందించింది. 2022 నుంచి నిందితుల కోసం ప్రత్యేక డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ పెట్టింది. కానీ రిమాండు రోజున మేజిస్ట్రేటు ముందు నిమిషంసేపు కనిపించి, మళ్లీ విచారణ దాకా పత్తా లేని వకీలు న్యాయసహాయం కింద లెక్కకు రాడు.

కాబట్టి జిల్లా న్యాయసేవా సంస్థల్ని మేం అడుగుతున్నదిది: పిల్లల కేసుల్లో నిందితురాలైన ప్రతి స్త్రీకి మొదటి గంట నుంచే వకీలునివ్వండి, అదే వకీలును సంక్షేమ కమిటీ ముందు కూడా నిలబెట్టండి. మన సహాయకేంద్రాల్ని అడుగుతున్నది మరొకటి. ఇలాంటి కేసు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఒకే కార్యకర్తను ఇద్దరికీ పెట్టకండి. పిల్లతో ఒకరు ఉండాలి, పిల్ల చెప్పేది పిల్ల పక్షాన వినాలి. తల్లితో మరొకరు స్టేషన్‌కు వెళ్లాలి. ఈ ఇద్దరూ రాత్రి ఆఫీసుకు తిరిగొచ్చి వాదులాడుకున్నా ఫర్వాలేదు.